కచ్చా రంగు

మస్కట్ శివారు అల్ హైల్‌లోని కార్పెట్ల లాండ్రీలో ఇస్తారి చేరి ఆరేళ్ళయింది. అంతకుముందు సైట్‌లో సిమెంటు మోసేవాడు. నడుము పట్టేసి ఆ పని చేతకాకుండా పోయినప్పుడు లాండ్రీ మేనేజర్ కమ్రాన్ అతన్ని పిలిచి పెట్టుకున్నాడు. కమ్రాన్‌ది హైదరాబాదు. మస్కట్‌కు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది.

"ఇంటికాడ ఏం పని మీది?" అని అడిగాడు మొదటి రోజు.

"మెట్‌పల్లి దిక్కు సార్. కుర్మోళ్ళం. గొర్లు కాసేది, గొంగళ్ళు నేసేది. మా అవ్వ ఇప్పటికీ నూలు వడుకుతది."

"అయితే ఉన్ని సంగతి నీకు నేర్పే పని లేదు" అన్నాడు కమ్రాన్. ఆనాటి నుంచి ఉన్నితో నేసినది ఏదొచ్చినా ఇస్తారి చేతికే ఇచ్చేవాడు. ప్లాస్టిక్ దారాల కార్పెట్లు వేడినీళ్ళ డ్రమ్ములో పడేవి. ఉన్నివి మాత్రం వెనక సిమెంటు గచ్చు మీద పరిచి, చల్లనీళ్ళు చిలకరించి, మెత్తటి బ్రష్షుతో ఒక్కో జానెడు రుద్దాలి. ఒక్కదానికే సగం రోజు పట్టేది. ఇస్తారి ఆ పని ఇష్టంగా చేసేవాడు. మిగతా పనివాళ్ళ ముందు అది అతనికి కాస్త గర్వం కూడా.

రంజాన్ నెల మొదలవడానికి రెండు వారాల ముందు ఒక గురువారం, డ్రైవర్ దస్తగిర్ అల్ సువైక్ నుంచి ఒక తివాచీ తెచ్చాడు. దస్తగిర్‌ది కడప. ఇస్తారికి రూమ్‌లో పక్క మంచం అతనిదే.

"ఇది జాగర్తగా చూడప్పా" అన్నాడు దస్తగిర్, చుట్టను దించుతూ. "ఎవురో ఎడారి బదూ ముసలామె. సొంతంగా నేసినాదంట. మనవరాలి పెండ్లంట, కొత్తింట్లో పరచాలంట. శనివారం ఇస్తామని చెప్పినా."

ఇస్తారి గచ్చు మీద దాన్ని విప్పాడు. ఎర్రటి నేల. రెండంచులా మేకవెంట్రుకల నలుపు. నడుమ జానెడు వెడల్పు పట్టీలో తెల్లటి దారంతో ముక్కోణాలు, దువ్వెన పళ్ళలాంటి గీతలు, చిన్న చిన్న ఒంటె కాళ్ళలాంటి గుర్తులు. ఒక పోగు వేళ్ళ మధ్య పెట్టి పురి తిప్పి చూశాడు. చేత్తో వడికిన నూలు. మొదలు నుంచి చివర దాకా ఒకే లావు. తల్లి రాములవ్వ చూస్తే ఎంత సంబరపడుతుందో అనుకుని, ఫోటో తీసి భార్య రజిత ఫోన్‌కు పంపాడు. కాసేపటికే రాములవ్వ గొంతు మెసేజ్‌లో వచ్చింది: "ఎంత సన్నగ వడికిందిరా. గా ఎరుపు దేంతోని ఏసిన్రో అడుగు. సల్లనీళ్ళల్లనే కడుగు కొడకా."

ఆ సాయంత్రం నర్సింగ్ అనే స్నేహితుడి రూమ్‌లో విందు ఉంది. నర్సింగ్ పదకొండేళ్ళు చేసి, ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్ళిపోతున్నాడు. పొద్దున్నే మేక మాంసం తెచ్చారు. నాలుగింటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి, ఎప్పుడొస్తున్నావని. ఇస్తారి ముందు ఇంకా ఆ తివాచీ ఉంది. శుక్రవారం సెలవు. ఉదయం వచ్చి సగం పూట కూర్చుంటే పనైపోతుంది. రావాలనిపించలేదు. పక్కన డ్రమ్ములో ఆరు కార్పెట్లు తిరగడానికి సిద్ధంగా ఉన్నాయి, నీళ్ళు అప్పటికే పొగలు కక్కుతున్నాయి.

తెలియక చేశానని తర్వాత ఎన్నడూ అనుకోలేకపోయాడు. డ్రమ్ము తలుపు దగ్గర తివాచీని రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఒక్కసారికి ఏం గాదులే అనుకున్నాడు. లోపల వేసి బటన్ నొక్కి స్నానానికి వెళ్ళాడు.

ముప్పావుగంటకు తలుపు తీస్తే నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. తివాచీ మూడొంతులకు ముడుచుకుపోయింది. అంచులు అలల్లా లేచాయి. పోగుకు పోగు అంటుకుని అట్టలా గట్టిపడింది. తెల్లటి ముక్కోణాలు ఎరుపులో కలిసిపోయి, ఎక్కడ ఏముందో పోల్చుకోలేకుండా ఉంది. దాన్ని తాడు మీద ఆరేసి, అంచులు లాగి లాగి చూశాడు. ఆ తర్వాత విందుకు వెళ్ళాడు. నర్సింగ్ కొసరి కొసరి వడ్డిస్తే తిన్నాడు.

శనివారం ఉదయం కమ్రాన్ దాన్ని చూసి నిలబడిపోయాడు.

"క్యా హువా రే యే?"

ఇస్తారి నోట మాట ముందే తయారుగా ఉంది. "రంగు కచ్చాది సార్. సల్లనీళ్ళల్లనే ఎర్రగ దిగింది. నూలు గూడ వదులుగ వడికిన్రు, తడవంగనే గుంజుకున్నది."

కమ్రాన్ ఇంకేమీ అడగలేదు. ఇస్తారి మాటను అనుమానించే అవసరం ఆరేళ్ళలో ఎప్పుడూ రాలేదు. ఇంటివాళ్ళకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు. మధ్యాహ్నానికి తివాచీ నేసిన ముసలామే వచ్చింది, కొడుకు యాసిర్‌ను వెంటబెట్టుకుని. అందరూ ఆమెను ఉమ్మ్ యాసిర్ అంటారు, యాసిర్ తల్లి అని. బదూ ముసలమ్మలు ముఖానికి పెట్టుకునే గట్టి నల్లటి ముసుగు పెట్టుకుంది. కళ్ళు, గోరింట పండిన చేతులు, అంతే కనిపిస్తున్నాయి. తివాచీని బల్ల మీద పరిస్తే ఆమె దాని మీదికి వంగింది. ముక్కోణాలు ఉండాల్సిన చోట వేలితో తడిమింది. యాసిర్ గొంతు పెంచబోతే చేయి అడ్డం పెట్టి ఆపింది.

కమ్రాన్ అరబ్బీలో నచ్చజెబుతూ ఇస్తారి వైపు చూపించాడు. "వీళ్ళింట్లో తరతరాలుగా ఉన్ని నేస్తారమ్మా. ఇతని కంటే తెలిసినవాడు మా దగ్గర లేడు."

ఆమె ఇస్తారి వైపు తిరిగి ఏదో అడిగింది. కమ్రాన్ తెలుగులో చెప్పాడు: "మీ అమ్మ నేస్తదా అని అడుగుతున్నది."

"నూలు వడుకుతది" అన్నాడు ఇస్తారి.

ఆమె తల ఊపింది. ఆ తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటకు ఆగుతూ చెప్పింది. ఆ రంగు ఫువ్వ అనే చెట్టు వేళ్ళతో వేసింది. ఎండబెట్టిన నిమ్మకాయలతో కలిపి కాచి, మూడు రోజులు ఎండలో ఉంచింది. వాళ్ళమ్మ ఎలా నేర్పిందో అలాగే. ఒంటెల మీద ఇసుకల్లో తిరిగిన రోజుల నుంచీ అదే పద్ధతి. "నువ్వు ఉన్ని తెలిసిన ఇంటివాడివి. నిజం చెప్పు. నా రంగు నిలవనిదా?"

కమ్రాన్ ఆ మాటలు తెలుగులో చెప్పేదాకా ఇస్తారికి ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఆమె అడిగిందేమిటో అతనికి అప్పటికే లీలగా అర్థమైంది.

"అవును" అన్నాడు. "కచ్చాదే."

ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. యాసిర్ ఆ తివాచీని మడుస్తుంటే మళ్ళీ ఒక ప్రశ్న అడిగింది. కమ్రాన్ మొహం మారింది. "మిగతావాళ్ళ కార్పెట్లకు గూడ ఈమె రంగు అంటిందా అని అడుగుతున్నది. అంటితే ఆళ్ళకు మాఫీ చెప్పుకుంటదట."

"లేదు సార్" అన్నాడు ఇస్తారి. ఆరు కార్పెట్లతో కలిపి తిప్పింది నిజం. అవి ప్లాస్టిక్ దారాలవి కాబట్టి రంగు పట్టలేదు.

"అల్‌హమ్‌దులిల్లా" అని ఆమె కొడుకు వెంట వెళ్ళిపోయింది.

ఆ రాత్రి రాములవ్వ ఫోన్‌లో ఆ తివాచీ సంగతే అడిగింది. "కడిగినవా? సల్లనీళ్ళేనా?"

"సల్లనీళ్ళే అవ్వా. ఇచ్చేసినం."

"ఎరుపు దేంతోని ఏసిన్రో అడిగినవా?"

"ఏదో చెట్టు ఏర్లట" అని మాట మార్చాడు.

రంజాన్ పండుగ వెళ్ళిన పది రోజులకు దస్తగిర్ ఆ కుటుంబం దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. యాసిర్ అల్ మవాలేలోని ఒక షాపులో మెషిన్ కార్పెట్ కొన్నాడు. దాన్ని ముసలామె కూతురి కూతురు షమ్సా కొత్తింట్లో పరిచే పని, అప్పుడప్పుడు బండి పనులు చేయించుకునే ఆ షాపువాళ్ళు దస్తగిర్‌కు అప్పజెప్పారు. తిరిగి వచ్చాక ఇద్దరూ రూమ్ బయట మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే చెప్పాడు.

"ఆ ముసలామె మగ్గం పీకేసినాదంటప్పా. సగం నేసిన బట్ట ఉండిందంట దాని మింద, పోగులు కత్తిరించేసినాదంట. ఎరుపు నూలు ఉండలు ఉండలు బయట పారేసినాది. ఇంగొకటి చెప్తా విను. సుట్టాలిండ్లకు ఇచ్చిండే తివాచీలు అడిగి ఎనక్కి తెచ్చుకునిందంట. మీ బట్టలకు అంటుతాది, నా రంగు మంచిది కాదని. మూడిండ్లకు పోయి చెప్పొచ్చినాదంట. షమ్సా పాప ఏడస్తా చెప్పినాది నాకు."

ఎర్ర నూలు ఉండలు ఇసుకలో పడి ఉండటం ఇస్తారి కళ్ళకు కట్టింది. అంత నూలు వడకాలంటే రాములవ్వకు ఎన్ని నెలలు పడుతుందో అతనికి తెలుసు.

"దస్తగిర్ భాయ్, ఆ రంగు మంచిదే" అన్నాడు. "నేను డ్రమ్ముల ఏసిన. ఉడుకు నీళ్ళల్ల."

దస్తగిర్ అతని వైపు తేరిపార చూశాడు. "తెల్సే ఏసినావా?"

"తెల్సే ఏసిన."

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"అయితే ఊరకుండు. జరిగిపోయినాది. ఉద్యోగం పోతాది."

ఇస్తారి వారం రోజులు ఊరకే ఉన్నాడు. డ్యూటీ చేశాడు. ఉన్ని ఏదైనా గచ్చు మీదకు వస్తే కమ్రాన్ పక్కన నిలబడి, కొత్తగా చేరిన పనివాళ్ళకు అతన్ని చూపించి, ఎలా రుద్దుతున్నాడో చూడండని చెప్పేవాడు. ఆ మాట వినపడ్డప్పుడల్లా ఇస్తారి బ్రష్షు మీదికి ఇంకా వంగేవాడు. వారం చివర దస్తగిర్‌ను అడిగాడు, శుక్రవారం నన్ను సువైక్ తీసుకపోతావా అని. దస్తగిర్ తిట్టాడు. అయినా తీసుకెళ్ళాడు.

ఖర్జూరపు తోటల వెనక సిమెంటు ఇల్లు. వాకిట్లో మట్టల పందిరి. పందిరి కింద నేలలో నాలుగు గుంటలున్నాయి, మగ్గం మేకులు పీకిన చోట. ఉమ్మ్ యాసిర్ అక్కడే చాప మీద కూర్చోబెట్టింది. షమ్సా ఖర్జూరాలు, కాఫీ తెచ్చింది. పెళ్ళయ్యాక శుక్రవారాలు అమ్మమ్మ దగ్గరికి వస్తుందట. ఇస్తారి కాఫీ పక్కన పెట్టాడు.

"భాయ్, చెప్పు" అన్నాడు.

దస్తగిర్ అరబ్బీలో చాలా చెప్పాడు. అందులో ఇస్తారికి ఒక మాట పట్టుబడింది: మకీనా. మిషన్‌లో ఏదో తేడా ఉండి ఉండొచ్చని, ఇతనికి ఇప్పుడే తెలిసిందని దస్తగిర్ సర్దుతున్నాడు. ముసలామె మర్యాదగా తల ఊపుతోంది.

"మకీనా గాదు భాయ్. అట్ల చెప్పకు" అన్నాడు ఇస్తారి. ఆమె వైపు తిరిగి, ఎనిమిదేళ్ళుగా సైట్లలోనూ లాండ్రీలోనూ పోగుచేసుకున్న అరబ్బీ ముక్కలన్నీ కూడగట్టుకున్నాడు.

"మామా. మోయ్ హార్. అనా సవ్వి. లోన్ మాల్ ఇంతీ జైన్. అనా కద్దాబ్."

నీళ్ళు వేడివి. చేసింది నేను. నీ రంగు మంచిది. నేను అబద్ధాలకోరును. అంతకుమించి అతనికి భాష లేదు.

షమ్సా కాఫీ కూజా కింద పెట్టింది. ముసలామె లేచి లోపలికి వెళ్ళి, ఆ తివాచీ తెచ్చి అతని ముందు పెట్టింది. దస్తగిర్ వైపు చూసి అడిగింది. ఈసారి దస్తగిర్ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మీయమ్మకు తెల్సా అంటాండాది."

"తెల్వది."

"ఫోన్ చెయ్యమంటాండాది. ఇప్పుడే. మొహాలు కనపడేటట్టు."

ఇస్తారికి అప్పటిదాకా ఉన్న ధైర్యం అక్కడ జారిపోయింది. ఈమె ముందు తల వంచడానికి సిద్ధపడి వచ్చాడు కానీ, ఇది అనుకోలేదు. అయినా ఫోన్ కలిపాడు. రజిత ఎత్తి అత్తకు ఇచ్చింది. రాములవ్వ వాకిట్లో కూర్చుని ఉంది.

"ఏందిరా కొడకా, ఇయ్యాల డ్యూటీ లేదా?"

"అవ్వా, ఆ ఎర్ర తివాచి... నేనే ఖరాబు చేసిన. ఉడుకు నీళ్ళల్ల ఏసిన. దావతుకు పోవాల్నని."

రాములవ్వకు వెంటనే అర్థం కాలేదు. "సల్లనీళ్ళంటివి గదరా?"

"అబద్ధం చెప్పిన. ఆమెకు గూడ అబద్ధం చెప్పిన. నీ రంగు కచ్చాదన్న."

"వడికిన చేతిని గూడ అన్నవా?"

"వదులుగ వడికిన్రన్న."

"నీ మాట ఆమె ఎట్ల నమ్మింది?"

ఇస్తారి తల ఎత్తలేదు. "మా అవ్వ నూలు వడుకుతదని చెప్పిన. అందుకు నమ్మింది."

రాములవ్వ కొంగుతో నోరు మూసుకుంది. ఆ తర్వాత, "ఆమెను చూపియ్యి" అంది.

ఇస్తారి ఫోన్ తిప్పాడు. ఇద్దరు ముసలమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు. రాములవ్వ రెండు చేతులూ జోడించింది. ఉమ్మ్ యాసిర్ తివాచీ అంచు పట్టుకుని ఫోన్ దగ్గరికి ఎత్తింది. రాములవ్వ కళ్ళు చికిలించి చూసి, దగ్గరికి, ఇంకా దగ్గరికి అని చేత్తో సైగ చేసింది.

"దస్తగిర్ బిడ్డా, నువ్వే ఉన్నవా? ఆమెకు చెప్పు. నలభై ఏండ్ల సంది వడుకుతున్న, నాకు గింత సన్నగ రాదు. ఉడుకు నీళ్ళల్ల ఏస్తే నా గొంగడి గూడ గిట్లనే అయితది. రంగుది తప్పు లేదు. తప్పు నా కొడుకుది."

దస్తగిర్ మాట మాట విడగొట్టి చెప్పాడు. ఉమ్మ్ యాసిర్ తివాచీని కిందికి దించింది. రాములవ్వ కొడుకుతో ఇంకేమీ మాట్లాడకుండానే ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఉమ్మ్ యాసిర్ అన్న మాట దస్తగిర్ గొంతు తగ్గించి చెప్పాడు. "మూడిండ్లకు నేను పోయి నా రంగు చెడ్డదని చెప్పొచ్చినా. ఇప్పుడు ఆ మూడిండ్లకు నువ్వు రావాల అంటాండాది."

వెళ్ళారు. వెనక్కి తెచ్చుకున్న తివాచీలను షమ్సా బండిలో వేసుకుని ముందు నడిపింది. మొదటి ఇంట్లో ఆడవాళ్ళు తలుపు వెనక నిలబడి విన్నారు. ఇస్తారి వాకిట్లో నిలబడి, ఆ నాలుగు ముక్కలూ వరసగా చెప్పాడు. నీళ్ళు వేడివి. చేసింది నేను. ఆమె రంగు మంచిది. నేను అబద్ధాలకోరును. రెండో ఇంట్లో అతని అరబ్బీకి ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక పెద్దాయన మళ్ళీ చెప్పమన్నాడు, చెవి సరిగా వినపడదని. ఇస్తారి మళ్ళీ చెప్పాడు. మూడో ఇంట్లో తివాచీని తీసుకోలేదు. ఇప్పుడు కొత్త కార్పెట్ పరుచుకున్నాం, చోటు లేదన్నారు. ఉమ్మ్ యాసిర్ దాన్ని తిరిగి బండిలో పెట్టించింది. ఆ ఇంటి గుమ్మం నుంచి బండి దాకా ఆమె నడుస్తుంటే ఇస్తారి చూడలేకపోయాడు.

శనివారం కమ్రాన్‌కు చెప్పాడు. కమ్రాన్ అరవలేదు. "ఆ అమ్మ ముందల నీ మాట మీద నేను జబాన్ ఇచ్చిన ఇస్తారీ" అన్నాడు. కొంచెం ఆగి, "ఇగ ఉన్ని ముట్టకు. డ్రమ్ము కాడ ఉండు" అన్నాడు. యాసిర్‌కు తనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాడు. ఇస్తారి ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే బాగుండేదని అతనికి కొన్ని రోజులు అనిపించింది.

ఇంటికి ఫోన్ చేస్తే రజితే మాట్లాడేది. అత్త పక్కనే ఉన్నా ఫోన్ తీసుకోవడం లేదని చెప్పేది. నాలుగో వారం రాములవ్వ తనే ఫోన్ అడిగి తీసుకుంది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఆమె మల్ల మగ్గం ఏసిందా?"

"తెల్వదవ్వా."

"కనుక్కో" అని రజితకు ఇచ్చేసింది.

దస్తగిర్‌ను పంపినా సరిపోయేది. ఇస్తారికి అలా చేయబుద్ధి కాలేదు. శుక్రవారం షేర్ టాక్సీ ఎక్కి ఒక్కడే అల్ సువైక్ వెళ్ళాడు. గేటు దగ్గరికి షమ్సా వచ్చింది. ఆమెకు హిందీ కొంచెం వచ్చు. అమ్మమ్మ పందిరి కింద ఉంది కానీ, లోపలికి రమ్మనలేదని ఇబ్బందిగా చెప్పింది. గేటు సందులోంచి ముసలామె వీపు కనిపిస్తోంది. ముందు నేల మీద పోగులు సాగదీసి ఉన్నాయి.

"మగ్గం ఏసిందా?" అన్నాడు.

"వేసింది. నలుపు, తెలుపే" అంది షమ్సా. "ఎరుపు మాత్రం వద్దంటుంది."

"ఆమె ఎరుపు మంచిదే. నేను చెప్పిన గదా."

"మేమూ చెబుతున్నాం. విన్నాను అంటుంది. అయినా చెయ్యి రావటం లేదట."

ఇస్తారి కాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు. ముసలామె తిరిగి చూడలేదు. అతను వచ్చిన సంగతి ఆమెకు తెలుసు.

టాక్సీ కోసం రోడ్డు పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. రాములవ్వే ఎత్తింది. షమ్సా చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. ఏమైనా తిడుతుందేమోనని ఎదురుచూశాడు. రాములవ్వ తిట్టలేదు. "సరే" అంది. ఆ తర్వాత ఫోన్ రజిత చేతిలోకి వెళ్ళింది.